దమ్ముకు శాతం కట్టని లెక్కలు

2001 జూన్ 1న కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ వైకల్యాన్ని ఎలా కొలవాలో డాక్టర్లకు చెబుతూ మార్గదర్శకాలు వెలువరించింది. మోకాలు ఎంత వంగితే ఎంత శాతం, వేలు ఏ కణుపు దగ్గర తెగితే ఎంత శాతం, ఒక కాలు రెండో కాలి కంటే ఎంత పొట్టిదైతే ఎంత శాతం అని పేజీల కొద్దీ లెక్కలున్న ఆ పత్రంలో గుండె, ఊపిరితిత్తుల జబ్బులకూ ఒక చిన్న భాగం దక్కింది. సున్నా నుంచి ఐదు వరకు తరగతులు పెట్టారు. జబ్బు ఉన్నా బాధ తెలియనివాళ్లది సున్నా. మామూలు పనులు చేసుకుంటుంటే కొద్దిగా ఆయాసం వచ్చేవాళ్లది ఒకటి. పనులకు అడ్డం పెరిగేకొద్దీ 25, 50, 75 శాతాలు దాటుకుంటూ, నాలుగో తరగతికి వచ్చేసరికి కూర్చున్నచోటే ఊపిరాడని స్థితి. ఐదో తరగతి వేరు. కదలకుండా ఉన్నప్పుడు కూడా లక్షణాలు వచ్చి పోతూ ఉండేవాళ్ల కోసం దాన్ని పెట్టి, ఉదాహరణగా ఉబ్బసం పేరు రాశారు. దాని పక్కన మాత్రం శాతం రాయలేదు. జబ్బును గుర్తించారు, తరగతినీ ఇచ్చారు, అంకె వేయాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు. ఈ మార్గదర్శకాలకు ఆధారమైన 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే లెక్కలోకి తీసుకుంది. చూపు లేకపోవడం, మందగించిన చూపు, నయమైన కుష్ఠు, వినికిడి లోపం, అవయవాల కదలిక లోపం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి. ఆ ఏడింటిలో ఊపిరితిత్తుల పేరు లేదు. ఉబ్బసం కొలతకు లొంగదు కాబట్టే పట్టికలో చోటు దొరకలేదని సాధారణంగా చెబుతారు. తెలుగు నేల మీద ఈ కొలతలు నడిచిన తీరు చూస్తే ఆ మాట నిలవదని నా అభిప్రాయం. జబ్బుకు ఫలానావారు జవాబుదారీ అని తేలిన చోట ఇదే ప్రభుత్వ వ్యవస్థ ఊపిరిని కొలిచింది, శాతం కట్టింది, డబ్బూ ఇచ్చింది. మనిషి అవసరం ఒక్కటే ముందున్న చోట ఆ కొలత ఆగిపోయింది.

ఈ వాదనకు తెల్లాపూర్ కంటే మంచి చోటు దొరకడం కష్టం. ఒకప్పుడు మెదక్ జిల్లా రామచంద్రాపురం మండలంలో పల్లె. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. 2018లో కొల్లూరు, ఉస్మాన్‌నగర్ వంటి చుట్టుపక్కల గ్రామాలతో కలిసి మున్సిపాలిటీ అయింది. దక్షిణాన గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఐటీ కార్యాలయాలు. ఉత్తరాన 1960లలో వచ్చిన బీహెచ్ఈఎల్, ఆ పైన పటాన్‌చెరు పారిశ్రామికవాడ. పటాన్‌చెరు–బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి 43 చోట్ల కాలుష్యం ప్రమాదకర స్థాయిలో ఉందని తేల్చినప్పుడు ఆ 43లో పటాన్‌చెరు–బొల్లారం ఉంది. గత ఇరవై ఏళ్లుగా దీనికి నిర్మాణాల దుమ్ము తోడైంది. ఇళ్లు కడుతున్న ఊళ్లో సిమెంటు, ఇసుక, డీజిల్ పొగ ఏ ఒక్క గేటు దగ్గరా ఆగవు. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 రెండు పడక గదుల ఇళ్లను ప్రభుత్వం ప్రారంభించింది. నగరంలోని ఇరుకు బస్తీల నుంచి వచ్చిన కుటుంబాలు, గేటెడ్ కమ్యూనిటీల్లో ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వాళ్ల ఇళ్లలో పనిచేసేవాళ్లు, ఆ ఇళ్లు కట్టిన మేస్త్రీలు, కూలీలు ఒకే గాలి పీలుస్తున్నారు. వాళ్లలో ఎవరికైనా దమ్ము లేచి రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, ఆ బాధను ఏ పుస్తకంలో ఏ కొలతతో రాస్తారన్నది మాత్రం వాళ్లు ఎవరి దగ్గర పనిచేస్తున్నారన్న దాన్ని బట్టి మారిపోతుంది.

ఊపిరిని కొలిచే పని మొదలైందే ఇలాంటి లెక్కల కోసం. 1846లో లండన్‌లో జాన్ హచిన్‌సన్ అనే వైద్యుడు స్పైరోమీటర్‌ను వైద్యుల ముందు పెట్టాడు. రెండు వేల మందికి పైగా మనుషుల చేత గాలి ఊదించి, ఎత్తును బట్టి ఎవరి ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పట్టాలో పట్టికలు కట్టాడు. ఆ పట్టికల మీద మొదట ఆసక్తి చూపినవాటిలో జీవిత బీమా వ్యాపారం ఒకటి. ఎవరికి బీమా ఇవ్వవచ్చు, ఎవరికి ఇవ్వకూడదన్నది వాళ్ల ప్రశ్న. తర్వాత మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చిందో చూసే పద్ధతి వచ్చింది. మందు పీల్చాక ఆ అంకె ఎంత పెరిగిందో చూస్తే ఉబ్బసం సంగతి తెలుస్తుందని తేలింది. ఇక్కడే చిక్కు ఉంది. ఉబ్బసం గొట్టాలు బిగుసుకుని వదులయ్యే జబ్బు. తెల్లవారుజామున మూడు గంటలకు పిల్లికూతలతో మంచం మీద లేచి కూర్చున్న మనిషి, పగలు పదకొండు గంటలకు ఆస్పత్రి వరసలో నిలబడేసరికి దాదాపు మామూలుగా ఊదగలడు. తెగిన వేలు రాత్రయినా పగలయినా తెగిన వేలే. శాతాల పట్టికలు రాసినవాళ్ల కళ్ల ముందు ఉన్నది ఆ వేలు. 2001 నాటి మార్గదర్శకాల్లోనే మరో రెండు సూచనలున్నాయి. వైకల్యం కోరుతూ వచ్చేవాళ్లు బాధను ఎక్కువ చేసి చెప్పే అవకాశం ఉందని డాక్టర్ గుర్తుంచుకోవాలన్నది ఒకటి. ఈ జబ్బులు చాలావరకు నయం చేయదగినవి కాబట్టి చికిత్స అంతా అయ్యాకే కొలవాలన్నది రెండోది. రెండో సూచనలో న్యాయం ఉంది. మొదటిది మాత్రం వచ్చి పోయే జబ్బు ఉన్న మనిషి మీదే ఎక్కువ బరువు వేస్తుంది, ఎందుకంటే పరీక్ష సమయానికి అతని దగ్గర చూపించడానికి మిగిలేది మాట ఒక్కటే.

హైదరాబాద్ ఛాతీ వైద్యం చరిత్ర కూడా ఉబ్బసాన్ని పక్కనే నిలబెట్టింది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించుకున్న ఎర్రగడ్డ ప్యాలెస్ తర్వాతి కాలంలో క్షయ ఆస్పత్రిగా, ఛాతీ ఆస్పత్రిగా మారింది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల మీద గాలి మంచిదని క్షయ రోగుల కోసం శానటోరియం పెట్టారు. ఊపిరితిత్తుల జబ్బు అంటే ప్రభుత్వాలకు చాలాకాలం క్షయే. అది అంటుకుంటుంది, చంపుతుంది, లెక్కకు దొరుకుతుంది. 1962లో జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. ఈ రోజుకీ రైల్వే టికెట్ రాయితీకి అర్హమైన జబ్బుల జాబితాలో క్షయ ఉంది, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, తలసేమియా ఉన్నాయి. ఉబ్బసం లేదు. ఛాతీ ఆస్పత్రిలో ఉబ్బసం రోగికి మందు దొరికింది గానీ, క్షయ రోగికి కార్యక్రమం ద్వారా దక్కిన పేరు, వరస సంఖ్య, రాయితీ దొరకలేదు.

దొరకని ఆ చోటును ఈ నగరంలో ఒక ఆచారం నింపింది. మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం పంచే చేప మందు అది. 1845లో వీరన్న గౌడ్‌కు ఒక సాధువు ఈ మందు చెప్పాడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. పాతబస్తీ దూద్‌బౌలి ఇంట్లో మొదలైన పంపిణీ జనం పెరిగి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. పసుపురంగు ముద్దను కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి, బతికి ఉండగానే మింగిస్తారు. మూడేళ్లు వరసగా తీసుకోవాలని, 45 రోజులు పథ్యం ఉండాలని నియమం. జన విజ్ఞాన వేదిక దీనికి శాస్త్రీయ ఆధారం లేదని ఏళ్ల తరబడి పోరాడింది, వివాదం కోర్టుల దాకా వెళ్లింది. వేదిక వాదన సరైనదే అని నేను నమ్ముతాను. మందు పనిచేస్తుందని రుజువు లేదు, ఇన్‌హేలర్ మానేసి దీన్ని నమ్ముకున్నవాళ్లకు ప్రమాదం. అయినా ఈ ఆచారాన్ని చరిత్రగా చూసేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. పంపిణీ జరిగిన ప్రతి జూన్‌లో ప్రభుత్వం బారికేడ్లు కట్టింది, నీళ్లు ఏర్పాటు చేసింది, పోలీసులను, బస్సులను పెట్టింది, మత్స్యశాఖ చేపపిల్లలు సమకూర్చింది. దేశం నలుమూలల నుంచి ఆయాసపడుతూ వచ్చినవాళ్లను ఒక గుంపుగా గుర్తించి సాయం చేయడానికి ప్రభుత్వానికి ఏ కొలతా అవసరం పడలేదు. అదే మనిషి ఒక్కడిగా కార్యాలయానికి వెళ్లి ఈ జబ్బుతో పనిచేయలేకపోతున్నానంటే అతన్ని రాసుకోవడానికి గడి లేదు.

ఇక కొలిచిన చోట్ల సంగతి. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం, 1948 నాటి ఈఎస్ఐ చట్టం, రెండింటి మూడో షెడ్యూల్‌లోనూ వృత్తి వల్ల వచ్చే జబ్బుల జాబితా ఉంది. పని ప్రక్రియలో ఉండే, సున్నితత్వం కలిగించే పదార్థాల వల్ల వచ్చిన ఉబ్బసం ఆ జాబితాలో పేరుతో సహా ఉంది. ఆ పనిలో కనీసం ఆరు నెలలు వరసగా ఉన్న కార్మికుడికి ఆ జబ్బు వస్తే, అది పని వల్లే వచ్చిందని చట్టం మొదటే అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సింది అవతలివాళ్లు. ఈఎస్ఐలో సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో మెడికల్ బోర్డు తేలుస్తుంది, నచ్చకపోతే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్ ఉంది. ఈఎస్ఐ హైదరాబాద్‌కు 1955లో వచ్చింది. బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు పరిశ్రమల చుట్టూ పెరిగిన కార్మికుల కోసం రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది, తెల్లాపూర్ నుంచి కూతవేటు దూరం. సైన్యం మరో ఉదాహరణ. సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో తేలిన జబ్బు 20 శాతం, ఆపైన ఉంటే సైనికుడికి వైకల్య పింఛను వస్తుంది. ఉబ్బసానికి సైనిక వైద్య బోర్డులు శాతాలు కట్టిన కేసులు సాయుధ దళాల ట్రిబ్యునళ్ల తీర్పుల్లో ఎన్నో కనిపిస్తాయి. 2020 మే 7న విశాఖపట్నం ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకైనప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొన్ని గంటల్లోనే ఒక కొలత తయారుచేసింది. వెంటిలేటర్ మీద ఉన్నవారికి 10 లక్షలు, రెండు మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నవారికి లక్ష, ప్రాథమిక చికిత్స పొందినవారికి 25 వేలు. కొలత మోటుదే కావచ్చు, కానీ ఊపిరి ఆడకపోవడాన్ని తరగతులుగా విడగొట్టి డబ్బుతో జతపరచడం అసాధ్యం కాదని అది చూపించింది. ఈ మూడు చోట్లా కారణం కనబడింది. యజమాని, సైన్యం, కంపెనీ అని వేలెత్తి చూపించే వీలుంది. కొలత ఆ వేలి వెంట వచ్చింది.

కారణం చూపలేని మనిషి వెళ్లాల్సిన చోటు వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం శిబిరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009–10లో మొదలైన సదరం దేశంలోనే కొత్త ప్రయత్నం. అంతకు ముందు చేతిరాత సర్టిఫికెట్లు ఒక్కో డాక్టర్ దగ్గర ఒక్కో రకంగా ఉండేవి, బోగస్‌వీ చాలా తిరిగేవి. సదరం కంప్యూటర్‌లో డాక్టర్ కొలతలు నమోదు చేస్తే శాతాన్ని సాఫ్ట్‌వేరే లెక్కగట్టేది. తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోదగిన పని అది, లక్షల మందికి దానివల్ల నమ్మదగిన కాగితం చేతికొచ్చింది. 2014 నవంబరులో తెలంగాణలో ఆసరా పింఛన్లు వచ్చినప్పుడు వికలాంగులకు 40 శాతం, వినికిడి లోపానికి 51 శాతం హద్దు పెట్టి నెలకు 1,500 రూపాయలు ఇచ్చారు. అది 2019లో 3,016, 2023లో 4,016 అయింది. పింఛను పెరిగేకొద్దీ ఆ శాతం విలువా పెరిగింది. సాఫ్ట్‌వేర్ కచ్చితంగా ఉంటుంది, కానీ తనకు ఇచ్చిన గడుల్లోనే కచ్చితంగా ఉంటుంది. కన్ను, చెవి, ఎముక, మనసు అని గడులు పెట్టిన యంత్రానికి ఊపిరితిత్తులను అడిగే ప్రశ్నే తెలియదు. తెల్లాపూర్ మనిషి దూరాన ఉన్న సంగారెడ్డి జిల్లా ఆస్పత్రికి వెళ్లినా, అక్కడి డాక్టర్ ఎంత దయగలవాడైనా, నమోదు చేయడానికి చోటు ఉండాలి కదా.

2016 డిసెంబరు చివర్లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఏడును ఇరవై ఒకటి చేసింది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, పార్కిన్‌సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ చేరాయి. ఇక్కడ ఆగి చూడాలి. సికిల్ సెల్ నొప్పి దఫాలు దఫాలుగా వస్తుంది, దఫాకీ దఫాకీ మధ్య మనిషి నడుస్తాడు, పనిచేస్తాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్ చాలామందిలో తిరగబెడుతూ తగ్గుతూ ఉంటుంది. అంటే వచ్చి పోయే జబ్బును వైకల్యంగా తీసుకోకూడదన్న నియమం 2016లోనే చెరిగిపోయింది. షెడ్యూల్ చివర కేంద్ర ప్రభుత్వం ప్రకటించే ఇతర వర్గం ఏదైనా అని ఒక వాక్యం కూడా చేర్చారు. ఆ తలుపు తెరిచే ఉన్నా ఊపిరితిత్తుల జబ్బులు ఇంకా లోపలికి రాలేదు.

ఎదురు వాదనలు తేలికైనవి కావు. ఉబ్బసం మందులతో అదుపులో ఉంటుంది, సర్టిఫికెట్ ఆశ చూపితే మనుషులు మందు మాని జబ్బును నిలబెట్టుకుంటారని కొందరు వైద్యులు భయపడతారు. క్రమం తప్పక ఇన్‌హేలర్ వాడినవాళ్లలో ఎక్కువమంది మామూలుగా జీవిస్తారన్నది నిజం. అందుకే సర్టిఫికెట్ అందరికీ ఇమ్మని అనడం లేదు. తీవ్ర ఉబ్బసం మొత్తం రోగుల్లో ఐదు నుంచి పది శాతం మందికే ఉంటుందని నిపుణుల అంచనా. వాళ్లకు పెద్ద మోతాదు మందులు వాడినా జబ్బు లొంగదు. పైగా వైకల్యం మారే అవకాశం ఉంటే సర్టిఫికెట్‌కు గడువు పెట్టాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. రెండేళ్లకో మూడేళ్లకో తిరిగి చూసే కాగితం మనిషిని జబ్బుకు కట్టేయదు. ఊదే పరీక్షలో మోసం చేయవచ్చన్నది మరో అభ్యంతరం. కావాలని తక్కువ ఊదవచ్చు, నిజమే. కానీ మూడుసార్లు ఊదించి అంకెలు కలవకపోతే ఆ పరీక్షే చెల్లదు. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 1993లోనే ఉబ్బసానికి ప్రత్యేకంగా ఒక పద్ధతి రూపొందించింది. మందు పీల్చాక మొదటి సెకనులో వచ్చే గాలి, గొట్టాలు ఎంత సులువుగా బిగుస్తాయన్నది, జబ్బు అదుపులో ఉండాలంటే కనీసం ఎంత మందు కావాలన్నది, ఈ మూడింటికీ వేర్వేరుగా మార్కులు వేసి కలుపుతారు. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. పరీక్ష రోజున మనిషి ఎలా ఉన్నాడో కాక, అలా ఉండటానికి ఏడాది పొడవునా ఏం చేయాల్సి వచ్చిందో అది అడుగుతుంది. ఏడాదిలో ఎన్నిసార్లు నెబ్యులైజర్ కోసం ఎమర్జెన్సీకి వెళ్లారు, ఎన్నాళ్లు స్టెరాయిడ్ మాత్రలు మింగారు అన్నది ఆస్పత్రి చీటీల్లో ఉంటుంది. బ్రిటన్‌లో వైకల్య చెల్లింపుల నిబంధనలు ఒక పనిని ఏడాదిలో సగానికి మించిన రోజుల్లో చేయలేకపోతున్నారా అని అడుగుతాయి. ఆ పద్ధతి మీద అక్కడ తీవ్ర విమర్శలున్నాయి, రాత్రి వచ్చే ఉబ్బసానికి అది పూర్తిగా సరిపోదు కూడా. అయినా ఒక్క పగటి చూపుతో తేల్చడం కంటే రోజులను లెక్కలోకి తేవడం ముందడుగే.

ఖజానా వాదన మిగిలింది. దేశంలో ఉబ్బసం ఉన్నవాళ్లు మూడు కోట్లకు పైనే, తలుపు తెరిస్తే పింఛన్లకు అంతుండదంటారు. హద్దు పెట్టకుండా తెరవమని ఎవరూ అనరు. 40 శాతం హద్దు ఉన్నదే దాని కోసం. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వికలాంగ పింఛన్ల పునఃపరిశీలన జరిగి ఎంతోమందికి నోటీసులు వెళ్లాయి, వాటిలో అన్యాయమైనవీ ఉన్నాయని ఆందోళనలు జరిగాయి. ఆ వ్యవహారంలో కొలతకు గురైనవి అవయవాలు, చూపు, వినికిడి వంటి, పట్టికలో ఉన్న వైకల్యాలే. అనర్హుల బెడద ఊపిరితిత్తుల దగ్గరే మొదలవుతుందనడానికి ఆధారం లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్ర పట్టిక కోసం ఎదురుచూడకుండా జబ్బు పేరుతోనే పింఛన్లు ఇచ్చాయి. ఆసరాలో ఎయిడ్స్ రోగులు మొదటి నుంచీ ఉన్నారు. తెలంగాణ 2018లో బోదకాలు బాధితులను, 2022లో డయాలసిస్ చేయించుకునేవాళ్లను చేర్చింది. బోదకాలుకు 40 శాతం అడగలేదు, డయాలసిస్‌కు సాఫ్ట్‌వేర్ శాతం కట్టలేదు. ఆస్పత్రి రికార్డు చాలింది. తీవ్ర ఉబ్బసానికీ ఆస్పత్రి రికార్డు ఉంటుంది.

ఐటీ కారిడార్‌లో ఈ లెక్క మరో రూపం తీసుకుంటుంది. ఈఎస్ఐ జీతం పరిమితి 2017 జనవరి నుంచి 21,000 రూపాయలు. అద్దాల భవనాల్లో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ పనివాళ్లు దాని కిందకు వస్తారు. క్రిమిసంహారక ద్రావణాలు, గాఢమైన శుభ్రపరిచే రసాయనాలు ఉబ్బసాన్ని తెచ్చిపెడతాయని వైద్యశాస్త్రానికి బాగా తెలుసు. షెడ్యూల్‌లో ఉన్న వృత్తి ఉబ్బసం హక్కు మొదట వర్తించాల్సింది వాళ్లకే. కానీ కాంట్రాక్టర్ మారినప్పుడల్లా యజమాని మారుతాడు, ఆ పనిలో ఆరు నెలలు వరసగా ఉన్నట్టు చూపించడం కష్టమవుతుంది. గేటెడ్ కమ్యూనిటీ ఇళ్లలో అదే రసాయనంతో అదే నేల తుడిచే పనిమనిషికి ఈఎస్ఐ లేదు, కాబట్టి ఆ షెడ్యూలూ లేదు. పైమెట్టున ఉన్న ఉద్యోగికి ఆదాయపు పన్ను చట్టం కింద 75,000 రూపాయల మినహాయింపు ఉంది, అది కూడా వికలాంగుల చట్టం పట్టికకే కట్టుబడి ఉంది. ఈ ముగ్గురికీ ఒకే జబ్బు వస్తే, చట్టం కాగితం మీదైనా చేయి చాపేది ఒక్కరికే.

పింఛను దాకా వెళ్లకుండానే తెరుచుకున్న దారి ఒకటి ఉంది. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, చేతి కండరాలు పట్టేసి రాయలేని అభ్యర్థికి యూపీఎస్సీ పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వాల్సిందేనని చెప్పింది. చట్టంలో 40 శాతం వైకల్యం అన్న నిర్వచనం ఒకటి, దీర్ఘకాలిక బలహీనత వల్ల సమాజంలోని అడ్డంకులతో తలపడేవాళ్లన్న నిర్వచనం ఇంకొకటి అని కోర్టు విడదీసింది. సహేతుకమైన సర్దుబాటు హక్కు రెండో నిర్వచనంలోకి వచ్చేవాళ్లకూ ఉందని తేల్చింది. తీవ్ర ఉబ్బసం ఉన్న ఉద్యోగి ఆ రెండో నిర్వచనంలో ఇమడడని చెప్పడానికి నాకు కారణం కనిపించదు. 2016 చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసుకుని ప్రకటించాలి. పెయింట్ వేస్తున్న అంతస్తు నుంచి కుర్చీ మార్చడం, దుమ్ము పట్టిన కార్పెట్ తీసేయడం, చలికాలం తెల్లవారు షిఫ్టు తప్పించడం, జబ్బు తిరగబెట్టిన వారం ఇంటి నుంచి పనిచేయనివ్వడం ఆ విధానంలో రాసుకోవచ్చు. వీటికి శాతం అక్కర్లేదు. కొల్లూరు ఇళ్లలోని వంటమనిషికి, మేస్త్రీకి మాత్రం సర్దుబాటు చేయాల్సిన సంస్థ లేదు. వాళ్ల కోసం 2018లో బోదకాలుకు, 2022లో డయాలసిస్‌కు వాడిన అధికారాన్నే రాష్ట్రం మళ్లీ వాడాలి, అనుభవమున్న ఛాతీ డాక్టర్లు ఎర్రగడ్డలో ఉన్నారు, ఏడాది చికిత్స రికార్డు చూసి తీవ్రత తేల్చే పనిని వాళ్లకు అప్పగించవచ్చు.